చికాగో మరణాలు: ప్రకృతి వైపరీత్యమా?

సాహిత్య విద్యార్థి ఒక మాట వినగానే దాని వెనుకనున్న వర్గాన్ని పోల్చుకోగలగాలి. 'ప్రకృతి వైపరీత్యం' అటువంటి మాట. చావుకు కారణం ఆకాశంలో వున్నదని చెప్పి, నేలమీది అన్యాయాన్ని అది కప్పిపుచ్చుతుంది. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రజ్ఞుడు 2002లో ప్రకటించిన 'హీట్ వేవ్' ఆ కప్పును తొలగిస్తుంది. మన అధ్యాపకులూ, విద్యార్థులూ చదవదగిన గ్రంథమని నా అభిప్రాయం.

1995 జూలైలో చికాగోలో ఎండ 41 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరింది. ఒక్క వారంలో మామూలు కంటె 739 మరణాలు ఎక్కువగా సంభవించినవి. శవాలను వుంచడానికి శీతల లారీలు తెప్పించవలసివచ్చింది. మేయరు డేలీ మొదట ఆ లెక్కనే శంకించాడు.

గ్రంథకర్త రెండు ఇరుగుపొరుగు పేటలను పోల్చి చూపుతాడు. నార్త్ లాన్‌డేల్ నల్లజాతివారిది; సౌత్ లాన్‌డేల్‌లో ఎక్కువమంది మెక్సికన్ సంతతివారు. ఎండ ఒకటే. ఒంటరి బీద వృద్ధులు రెండింటా వున్నారు. అయినా మొదటి పేటలో మరణాల రేటు రెండవదానికి సుమారు పదిరెట్లు. సౌత్ లాన్‌డేల్ వీధుల్లో దుకాణాలు, జనసంచారం వున్నవి. వృద్ధులు బయటికి రాగలిగారు. పాడుపడిన ఇళ్ల మధ్య బతికే నార్త్ లాన్‌డేల్ వృద్ధులు భయంతో తలుపులు బిగించుకున్నారు.

దీనిని బట్టి ఇరుగుపొరుగుల మంచితనమే మందు అని తేల్చితే అది శుద్ధ భావవాదం. వీధి దానంతటదే పాడుపడదు. కర్మాగారాలు తరలిపోయినవి, నల్లవారికి గృహరుణాలు నిరాకరింపబడినవి. 1930ల్లో అమెరికా ప్రభుత్వ రుణసంస్థ వారున్న పేటలను పటాల మీద ఎర్రరంగుతో గుర్తించింది. 108 నగరాలను గూర్చి 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం, వాటిలో 94 శాతం నగరాల్లో ఆ ఎర్రపేటల నేల మిగతా పేటల కంటె వేడిగా వున్నది. సగటు తేడా 2.6 డిగ్రీలు. అక్కడ చెట్లు తక్కువ, తారూ కాంక్రీటూ ఎక్కువ. పేట పాడుపడిన చరిత్రను గ్రంథకర్త దాచలేదు. కాని ఆయన దృష్టి వీధి మీద నిలిచినంతగా ఆస్తి సంబంధాల మీద నిలవలేదు. ఇదే నా ఆక్షేపణ.

భూమి వేడెక్కుతున్నకొద్దీ ఇటువంటి వారాలు పెరుగుతాయి. 2015 మే ఎండలకు ఆంధ్ర, తెలంగాణల్లో రెండువేల మందికి పైగా మరణించారు. 'వడదెబ్బ' అనే మాట దగ్గర ఆగిపోక, వారిలో కూలీలెందరు, నీడలేని పేటలవారెందరు అని అడగవలసివున్నది. అడిగే పద్ధతిని ఈ గ్రంథం నేర్పుతుంది.