తొడుగులు తీసిన చేతులు



రోమను కథోలిక సంఘపు బిషప్పులు గొప్ప పూజలయందు ధరించుచు వచ్చిన పట్టు చేతి తొడుగులను గూర్చి కొంచెము ఆలోచింతము. వాటితో మనకేమి పని అని మీరు అడుగవచ్చును. పొరుగువారి ఆచారమును ఎగతాళి చేయుటకు కాదు. దానిని వాక్యపు వెలుగులో పరీక్షించి, ఆ వెలుగులోనే మన చేతులను కూడ చూచుకొనుటకే ఈ మాటలు వ్రాయుచున్నాను.

ఈ తొడుగులు అపొస్తలుల నాటివి కావు. 10, 11 శతాబ్దములలో పాశ్చాత్య సంఘమందు వీటి వాడుక స్థిరపడెను. పండుగకు తగిన రంగు పట్టుతో అల్లి, వెనుకప్రక్కను సిలువ మొదలగు గురుతులు కుట్టుచుండిరి. 1404లో మరణించిన విన్‌చెస్టర్ బిషప్పు విలియం ఆఫ్ వైకమ్ ధరించిన ఎఱ్ఱపట్టు తొడుగులు ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలో నేటికిని భద్రముగా నున్నవి.

క్రొత్త బిషప్పును అభిషేకించునప్పుడు ఈ తొడుగులు తొడిగి ఒక ప్రార్థన చేయుచుండిరి. మేకపిల్లల చర్మముతో చేతులు కప్పుకొని తండ్రి దీవెన పొందిన యాకోబును అందులో జ్ఞాపకము చేసిరి. పాప శరీరాకారముతో వచ్చి తన్నుతాను అర్పించుకొనిన క్రీస్తును కూడ అదే ప్రార్థన స్మరించుచున్నది. ఆయన పుణ్యము మనలను కప్పవలెనను ఆ భావము మంచిదే. అయితే ఎంచుకొనిన దృష్టాంతము జారుడు నేల వంటిది. ఆదికాండము 27వ అధ్యాయములో ఆ చర్మములు గ్రుడ్డి తండ్రిని మోసగించుటకు కట్టుకొనినవి. పేరు అడిగినప్పుడు యాకోబు తన అన్న పేరు చెప్పెను. దీవెన పొందినవాడు ఇల్లు విడిచి పారిపోయెను. లాబాను ఇంట 20 సంవత్సరములు చాకిరి చేసి తానును మోసపోయెను. యబ్బోకు రేవునొద్ద దేవుడు మరల పేరు అడిగినప్పుడు, ఏ చర్మమును లేక, యాకోబునని ఒప్పుకొనెను. క్రొత్త పేరును దీవెనయు అక్కడ కలిగెను.

ఈ ఆచారములోనే దీనికి సాక్ష్యము కలదు. బిషప్పు పూజ ఆరంభమునుండి తొడుగులు ధరించును గాని, కానుకల వేళ వాటిని తీసివేసి, చేతులు కడుగుకొని, రొట్టెను పాత్రను వట్టి చేతులతోనే ముట్టును. తొడుగు చేయు మంచి ప్రసంగము అది తీసివేయబడినప్పుడే!

1968లో వీటి వాడుకను బిషప్పుల ఇష్టమునకు విడిచిరి. నేడు పాత క్రమము జరుగు చోట్లనే ఇవి కనబడును. అయినను తొడుగు పోయినంత మాత్రమున చేయి శుద్ధియగునా? మన పల్లె సంఘములలో పట్టు తొడుగులు ఎన్నడును లేవు. కాని బోధకుని తెల్లంగీ, పెద్దల కుర్చీ, ఇంటి పేరు, అందరు వినునట్లు చదివించుకొను చందా—ఇవి మన తొడుగులు కావా? కోత కోసిన కూలివాని కూలి బిగబట్టిన చేయి, సహోదరునికి వందనము చెప్పనొల్లని చేయి, ఆదివారమున ప్రభువు బల్లయొద్ద చాపబడుచున్నది. మనుష్యులు తొడుగును చూతురు. ప్రభువు చేతిని చూచును.

ఆయన కుష్ఠరోగిని వట్టి చేతితో ముట్టెను. తోమాకు గాయపు చేతులనే చూపెను. కాబట్టి సహోదరులారా, రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు ఈయవలసిన కూలి ఇచ్చివేయుడి, సమాధానపడుడి, మీ సొంత పేరుతోనే ఆయన యెదుటికి రండి. మరుగు చేయని చేతులను ఆయన కాదనడు. అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.