సమీక్షలోంచి రాలిపోయిన రచయిత్రి

పత్రికలనీ, ‘ప్రజాభిప్రాయం’ అనే ముఖంలేని గుంపునీ దుయ్యబట్టిన డేనిష్ క్రైస్తవ తాత్వికుడు కీర్కెగార్డ్ 1846 నాటి రచనని మీడియా విమర్శకి మూలగ్రంథంలా చదువుతుంటాం. నిజానికది ఒక స్త్రీ నవలకి సమీక్ష. థామసీన్ గిలెంబోర్గ్ 1845లో తన పేరు లేకుండా ప్రచురించిన ‘రెండు యుగాలు’ ఆ నవల. 1940లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం సమీక్ష చివరి భాగాన్నే తీసుకుంది. నవలా పోయింది, రచయిత్రీ పోయింది.

దేవుడి ముందు ప్రతి మనిషీ ఒంటరిగా నిలబడి జవాబు చెప్పుకోవాలంటాడాయన. అందుకే పేరులేని రాతలో బాధ్యత లేకపోవడమే చూశాడు. ‘కోర్సార్’ పత్రిక ఎగతాళికి గురైనవాడి కోపం అర్థమవుతుంది. అయితే గుంపు చాటునుంచి రాయి విసిరేవాడి అజ్ఞాతమూ, ఆ గుంపుకి జడిసి పేరు దాచుకున్న స్త్రీ అజ్ఞాతమూ ఒకటేనా? ఆయన మెచ్చుకున్న నవలే ఆయన సిద్ధాంతాన్ని అడగాల్సిన ప్రశ్న ఇది.