ధ్యానం – జన్యు వ్యక్తీకరణ: ఒక రక్తపరీక్ష చెప్పినదెంత?

ధ్యానం, జపం, యోగాసనాలు మనిషి జన్యువులను మారుస్తాయన్న వాక్యం ఆరోగ్య రచనలలో తరచుగా కనిపిస్తున్నది. దీనికి ఆధారంగా చూపదగిన పరిశోధనలలో ముఖ్యమైనది 2008లో ‘ప్లోస్ వన్’ పత్రికలో డ్యూసెక్, హెర్బర్ట్ బెన్సన్ బృందం ప్రకటించిన వ్యాసం. ఆ వ్యాసం నిరూపించినదానికీ, ఈ వాక్యం చెప్పుతున్నదానికీ నడుమ గల అంతరాన్ని పరిశీలించవలసి ఉన్నది.

జన్యువు మారడమంటే డీఎన్‌ఏ అక్షరక్రమంలో మార్పు రావడం. జన్యు వ్యక్తీకరణ మారడమంటే, ఉన్న జన్యువు నుండి ఆర్‌ఎన్‌ఏ తయారయ్యే పరిమాణంలో హెచ్చుతగ్గులు కలగడం. భోజనం, నిద్ర, జ్వరం కూడా ఈ పరిమాణాన్ని మార్చగలవు. కనుక ధ్యానం మార్చిందన్నంతలో వింత లేదు.

డ్యూసెక్ బృందం దీర్ఘకాల సాధకులు 19 మందిని, సాధన ఎరుగని 19 మందిని, ఎనిమిది వారాల శిక్షణ పొందిన 20 మందిని పరీక్షించింది. సాధన ఎరుగని వారితో పోల్చినప్పుడు దీర్ఘకాల సాధకులలో 2,209, శిక్షితులలో 1,561 జన్యువుల వ్యక్తీకరణ భిన్నంగా కనిపించింది. రెండు పట్టికలకూ ఉమ్మడిగా ఉన్నవి 433. వ్యాసానికి అసలు బలం ఈ ఉమ్మడి సంఖ్యే. సాధకుల ఆహారమో అలవాట్లో మాత్రమే కారణమని దీనిని తేలికగా తోసిపుచ్చలేము.

అయితే పరీక్షించినది సంపూర్ణ రక్తం. అందులో పలు రకాల తెల్లకణాలు ఉంటాయి. ఒత్తిడిని బట్టి వాటి నిష్పత్తి మారుతుంది. ఏ కణంలోనూ జన్యువు పనితీరు మారకపోయినా, నిష్పత్తి మారితే మొత్తం లెక్క మారినట్లే కనబడుతుంది. ఊరిలో ఎవరి యాసా మారకుండానే, కొందరు వెళ్లి కొందరు వచ్చి చేరితే ఊరి మాటే మారినట్లు వినిపించడం వంటిదిది. పైగా అంతే కాలం నడకలోనో సంగీత శ్రవణంలోనో గడిపిన బృందంతో పోలిక లేదు.

అన్నిటికంటె పెద్ద లోటు మరొకటి: పరీక్షకు వచ్చినవారందరూ ఆరోగ్యవంతులే. వ్యాధి నయమైందా అన్న ప్రశ్నే ఇందులో లేదు. ‘జన్యువులు మారుతాయి’ అన్న మాట నమ్మి మధుమేహ రోగి మందు మానుకుంటే, ఆ 433 జన్యువుల పట్టిక అతనికి ఏ భరోసా ఇవ్వదు.

2017లో బ్యూరిక్ ప్రభృతులు 18 అధ్యయనాలను, 846 మంది వివరాలను సమీక్షించారు. వాపును ప్రేరేపించే ఎన్‌ఎఫ్-కప్పా బీ మార్గపు జన్యువుల వ్యక్తీకరణ తగ్గుతున్నదన్నది వారి ప్రధాన ఫలితం. వ్యాయామం, పోషణలతో పోల్చితే ఈ ప్రభావం ఎంతటిదో స్పష్టం కాలేదని వారే అంగీకరించారు. ప్రచార రచనలు జారవిడుస్తున్నది సరిగా ఈ అంగీకారాన్నే.

ఆయుర్వేదం విషయంలో పొరపాటు వేరొక రూపంలో ఉన్నది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2015 నాటి అధ్యయనం 262 మంది పురుషుల జన్యురూపాలను పరిశీలించి, పిత్త ప్రకృతికీ పీజీఎం1 జన్యువుకూ సంబంధాన్ని సూచించింది. అది ప్రకృతి వర్గీకరణకు సంబంధించిన పరిశోధన. అందులో ఏ కషాయాన్నీ, ఏ చికిత్సనూ పరీక్షించలేదు.