కథల్లోకి రాని హామీపత్రం

మన అమెరికా కథల్లో వీసా ఉంటుంది, వంటింటి ఒంటరితనం ఉంటుంది. ఐ-864 మాత్రం నా కంటబడలేదు. పౌరుడో, గ్రీన్‌కార్డున్నవాడో భార్యను తెచ్చుకోవాలంటే సంతకం చేయాల్సిన పోషణ హామీపత్రమిది. ఆదాయం పేదరికపు గీతకి కనీసం 125 శాతం ఉండాలి (సైన్యంలో ఉంటే నూరు చాలు). తక్కువైతే మరొకరు హామీ పడొచ్చు. 1996 చట్టం దీన్ని కోర్టులో చెల్లే ఒప్పందం చేసింది.

భాషంతా మోసేవాడిదే, ఆమె మోయాల్సిన బరువు. ఇంటిచాకిరీకి ఇందులో గడి లేదు. అయినా ఒక షరతు దగ్గర ఆగిపోయాను: విడాకులు ఈ బాధ్యతను రద్దుచేయవు. ఆమె పౌరురాలయ్యేదాకానో, 40 త్రైమాసికాల పని జమయ్యేదాకానో, గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచేదాకానో, ఇద్దరిలో ఒకరు పోయేదాకానో అది నిలుస్తుంది. "నేను తెచ్చాను, నేనే పంపేస్తా" అనే భర్తమీద ఆమె దావా వేయొచ్చు. ఆ కాగితం నకలు అడిగి దాచుకునే కథానాయికని మనమెప్పుడు రాస్తాం?