పొయ్యి ఆర్పే ముందు

పచ్చి తిండి మాట ఇప్పుడు మన ఇళ్లల్లో బాగానే వినిపిస్తోంది. మొలకలూ, పళ్లూ, ఆకులూ తిని బతికితే రోగాలే దగ్గరకు రావని చెప్పే పుస్తకాలకీ, ప్రసంగాలకీ కొదవ లేదు. విన్నప్పుడల్లా నాకు ఆశ పుడుతుంది. ఆ వెనకాలే అనుమానమూ పుడుతుంది. ఆశ దేనికంటారా? వంటింట్లోంచి బయటపడొచ్చని! అందులో పస ఎంతో చూద్దామని పాత రచన ఒకటి తీసి చదివాను. 1929లో గాంధీగారు 'యంగ్ ఇండియా'లో నిప్పు తగలని ఆహారం గురించి రాసిన వ్యాసాలవి.

వాటికీ మనకీ చుట్టరికం ఉంది. ఆ ఏడు ఆంధ్ర పర్యటనలో ఆయనకు ఈ ధ్యాస మళ్లీ పట్టించింది రాజమండ్రి ప్రకృతి వైద్యులు సుందరం గోపాలరావుగారు. 'మళ్లీ' అని ఎందుకన్నానంటే, 1893లో ప్రిటోరియాలో ఇదే ప్రయత్నం మొదలుపెట్టి, రెండు వారాలైనా నిలబెట్టలేకపోయారు గాంధీగారు.

ఈ వ్యాసాల్లో నాకు నచ్చింది కొలత. మొలకెత్తిన గోధుమలు ఎనిమిది తులాలు, బాదంముద్ద ఎనిమిది తులాలు, నూరిన ఆకుకూర ఎనిమిది తులాలు, నిమ్మకాయలు ఆరు, తేనె రెండు ఔన్సులు. తులం అంటే సుమారు పదకొండున్నర గ్రాములు, లెక్క మీరే వేసుకోండి. ఉపదేశాలు చేసేవాళ్లు సాధారణంగా ఇంత వివరంగా దొరికిపోరు. ఈయన మాత్రం తన పళ్లెం మన ముందు పెట్టి, చూసుకోండి అంటారు.

కానీ ఒకచోట ఆగిపోయాను. ఈ ప్రయోగం గెలిస్తే, సుఖం ఇవ్వకపోగా జబ్బులు తెచ్చిపెట్టే చాకిరీ నుంచి ఆడవాళ్లకు విముక్తి దొరుకుతుందన్న అర్థం వచ్చే మాట ఉందక్కడ. మగవారి కలం నుంచి వంటింటి పొగ గురించి అంత సూటిగా మాట రావడం సంతోషమే. పత్తికట్టె, పిడకలు పెట్టి పొయ్యి ఊదిన మా గుంటూరు, ప్రకాశం పల్లెల ఆడవాళ్లకి ఆ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే బాదంపప్పు ముద్దయ్యేది ఎవరి చేత్తో? ఆకు బాగుచేసి నూరేదెవరు? వ్యాసం ఆ ఊసెత్తదు. అదే నాకు కనిపించిన లోటు.

నిప్పు లేకపోతే పని లేదనుకోవడం వంట చూసినవాళ్ల మాట, చేసినవాళ్ల మాట కాదు. మా ప్రాంతపు పండుమిరపకాయ పచ్చడే తీసుకోండి. కాయలు తుడిచి, తొడిమెలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కాలి. తినేరోజు పెట్టే తాలింపు సంగతి అలా ఉంచితే, దానికి నిప్పుతో పని లేదు. ఆవకాయా అంతే, శ్రీరామనవమి వడపప్పూ అంతే. పచ్చి తిండి మనకి కొత్తేం కాదన్నమాట. కొత్త కానిది మరొకటి కూడా ఉంది: నడుం పడిపోయే చాకిరీ. మిరప కల్లాల్లో తొడిమెలు తీసే ఆడకూలీని అడగండి, చేతులు మండడానికి పొయ్యే అక్కర్లేదని చెబుతుంది. ఆవిడకి రోజూ బాదంపప్పూ తేనే ఎక్కడ దొరుకుతాయన్నది ఇంకో ప్రశ్న.

ఇక ముగింపు. మే నెలలో మొదలైన ప్రయోగం ఆగస్టులో ఆగింది. జిగట విరేచనాలు పట్టుకుని, గాంధీగారు తిరిగి మేకపాలకి వచ్చారు. ఆ సంగతి కూడా అదే పత్రికలో తానే రాశారు. ఈ వ్యాసాలకు ప్రాణం అక్కడుంది. గెలుపు కబుర్లు మాత్రమే చెప్పే ఇప్పటి ప్రచారాల పక్కన పెడితే, ఆ నిజాయితీ ఎంత అరుదో తెలుస్తుంది.

తర్వాత వచ్చిన చదువూ ఆయన అనుభవానికి దగ్గరగానే ఉంది. 1999లో జర్మనీ పరిశోధకులు చాలాకాలంగా పచ్చి తిండి మీద ఉన్నవాళ్లను పరిశీలిస్తే, నలభై అయిదేళ్లలోపు స్త్రీలలో సుమారు నూటికి ముప్ఫైమందికి నెలసరి సరిగా రావడం లేదు, లేదా పూర్తిగా ఆగిపోయింది. 'రోగాలే రావు' అనే పుస్తకాల్లో ఈ లెక్క నాకు కనిపించలేదు. మన ఆడపిల్లలకి ఇది ముందే తెలియాలి కదా! వేడి తగిలితే 'సి' విటమిన్ తగ్గుతుందన్నది నిజమే. టమాటాలోని ఎర్రరంగు పదార్థం ఉడికిస్తేనే ఒంటికి బాగా పడుతుందన్నదీ నిజమే. మన దగ్గర మొలకలకీ పళ్లకీ అంత పేరు తెచ్చిన మంతెన సత్యనారాయణరాజుగారి పద్ధతిలోనూ ఉప్పూ నూనే లేని వండిన కూరలకు చోటుంది.

అందుకని ఉదయం ఓ గుప్పెడు మొలకలు, మధ్యాహ్నం ఓ పచ్చి కీరాముక్క అంటే నాకు అభ్యంతరం లేదు. పొయ్యి పూర్తిగా ఆర్పేయమంటేనే ఒప్పుకోను. మన కళ్లలో పొగ తగ్గించింది పచ్చి తిండి కాదు, గ్యాస్ బండ. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక అది చాలా పేద ఇళ్లకీ చేరింది. ఇక మిగిలిన చాకిరీ తగ్గాలంటే మార్చవలసింది తిండిని కాదు. ఇంట్లో ఎవరైనా పచ్చి తిండి మొదలుపెడతానంటే సంతోషంగా సరేననండి. బాదంపప్పు మాత్రం వారినే నూరుకోమనండి.