ఐరిష్ స్వాతంత్ర్య సమరము : ఒక కవిత, ఒక నాటకము

ఒక జాతి తన స్వాతంత్ర్యమునకై పోరాడిన కథను ఆ జాతి రచయితయే చెప్పునపుడు, విమర్శకుడు దేనిని ప్రమాణముగా గ్రహింపవలెను? వీరులను కొనియాడుట గుణమనియు, సంశయించుట దోషమనియు తలచువారు పెక్కుమంది కలరు. ఈ తలంపు ఎంతవఱకు నిలుచునో ఐరిష్ సాహిత్యమునందలి రెండు కృతులను ముందుంచుకొని పరిశీలింపబూనితిమి. అందొకటి విలియం బట్లర్ యేట్సు రచించిన ‘ఈస్టరు, 1916’ అను కవిత. వేఱొకటి షాన్ ఓకేసీ రచించిన ‘నాగలి, నక్షత్రములు’ అను నాటకము. రెండింటికిని వస్తువొక్కటే.

ఆ వస్తువును సంగ్రహముగా చెప్పుదుము. 1916 ఏప్రిల్ 24, ఈస్టరు సోమవారమునాడు ఐరిష్ స్వచ్ఛంద సైనికులును, కార్మికుల పౌరసేనయు డబ్లిన్ నగరమునందలి ప్రధాన తపాలా కార్యాలయమును ఆక్రమించిరి. ప్యాట్రిక్ పియర్సు గణతంత్ర ప్రకటనమును చదివెను. ఆఱవ దినమున వారు లొంగిపోయిరి. మే 3 మొదలు 12 వఱకు 15 మందిని ప్రభుత్వము కాల్పించినది. ప్రకటనముపై సంతకము చేసిన ఏడుగురిలో పియర్సు, టామస్ మాక్డొనా, జోసెఫ్ ప్లంకెట్ అను మువ్వురు కవులు. మాక్డొనా డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఆంగ్ల సాహిత్యోపాధ్యాయుడు. మన వరాహగిరి వేంకటగిరిగారు 1913 మొదలు 1916 వఱకు ఆ కళాశాలలోనే విద్యార్థులై యుండి, తిరుగుబాటు పిదప ప్రభుత్వపు అనుమానమునకు గుఱియై ఆ దేశమును వీడిరి. కావున ఈ కథ మనకు కేవలము పరాయిది కాదు.

యేట్సు ఈ విషయమున కేవల ప్రేక్షకుడు కాడు. 1902లో ప్రదర్శితమైన ‘కాథ్లీన్ నీ హూలిహాన్’ అను నాటకమును ఆయన గ్రెగరీ దొరసాని తోడ్పాటుతో రచించెను. అందు దేశమాత ముదుసలి రూపమున వచ్చి, పెండ్లికి సిద్ధమైన యువకుని ఇల్లు విడిపించి యుద్ధమునకు గొనిపోవును. ఆ నాటకపు ఫలితమునకు తాను బాధ్యుడనేమో అను చింత వృద్ధాప్యమున ఆయన కవితలో మరల తలయెత్తినది. అట్టి కవి, తన పిలుపును నిజముగా విన్నవారు మరణించినపుడు ఏమి చెప్పగలడు?

1916 సెప్టెంబరు 25 అను తేదీ గల ఈ కవిత 16, 24, 16, 24 పంక్తులుగా విభక్తమై, తిరుగుబాటు దినమును వత్సరమును తన కట్టడములోనే ఇముడ్చుకొన్నది. ఐనను ఇది స్తుతి పాఠము కాదు. ఆ వీరులను తాను మునుపు పరిహాసపాత్రులుగా చూచితినని కవి ఒప్పుకొనును. తన కాప్తురాలైన మాడ్ గాన్ భర్తయై, ఆమెకు కీడు చేసెనని తాను ఏవగించుకొనిన జాన్ మాక్‌బ్రైడ్‌ను సైతము మృతవీరుల వరుసలో చేర్చును. ఏకాగ్రదీక్ష హృదయమును పాషాణముగా మార్చునేమో అని శంకించును. ఆ మరణము లవసరమా అని కూడ ప్రశ్నించును. ఇంత సంశయించిన పిమ్మటనే పేరుపేరున వారిని స్మరించును. ఇందు అంగిరసము వీరమా, కరుణమా అని ప్రశ్నించినచో, కరుణమే అంగియనియు, వీరము దానికి అంగమైనదనియు మా యభిప్రాయము. నాయకులు ధీరోదాత్తులుగా పుట్టలేదు, మరణముచే అట్లయిరి అనుటయే ఈ కవితకు ప్రాణము.

ఈ సంశయమునకు కవి వెల చెల్లించెను. మొదట 25 ప్రతులు మాత్రమే ఆంతరంగికముగా అచ్చయినవి. లోకమునకు వెల్లడియైనది 1920 అక్టోబరులో. టెరెన్స్ మాక్‌స్వీనీ బ్రిక్‌స్టన్ చెరసాలలో నిరాహారదీక్షలో మరణాసన్నుడైయున్న దినములలో. ఈ జాగును కొందఱు పిరికితనమందురు. కాని ప్రకటనకు ఆయన ఎన్నుకొన్న సమయము సుఖమైనది కాదని గుర్తింపవలెను.

ఓకేసీ వేఱొక దిక్కునుండి చూచెను. ఆయన డబ్లిన్ శ్రామికుడు. 1914లో పౌరసేనకు కార్యదర్శిగా నుండి విడిపోయినవాడు. నాటకమునకు పేరిచ్చిన నాగలి, నక్షత్రములు ఆ సేన పతాకముపై చిహ్నములే. యేట్సు నామములను గణించెను. ఓకేసీ పేరులేనివారిని గణించెను. రెండవ అంకమున సారాదుకాణపు కిటికీ వెలుపల వక్త త్యాగమును కీర్తించుచుండగా, లోపల వేశ్య బేరము లేదని వగచును. మూడవ అంకమున పేదలు దుకాణములను దోచుకొందురు. నాల్గవ అంకమున, ఆంగ్లప్రభుత్వ పక్షపాతినియగు బెస్సీ బర్జెస్ అనునామెయే, బిడ్డను కోల్పోయి మతిచెడిన నోరాకు పరిచర్య చేయుచు, ఆంగ్ల సైనికుల గుండు తగిలి మరణించును. హాస్యకరుణముల ఈ మేళనము ఔచిత్యభంగము కాదు. ఆ వారము చనిపోయిన సుమారు 485 మందిలో సగమునకు పైగా సామాన్య పౌరులే అను సత్యము దీనికి సాక్షి.

1926 ఫిబ్రవరిలో ఆబీ నాటకశాలయందు దీనిని ప్రదర్శింపగా నాల్గవ రాత్రి అల్లరి చెలరేగినది. యేట్సు రంగస్థల మెక్కి ప్రేక్షకులను మందలించెను. విమర్శకులు సాధారణముగా ఇచ్చట ఆగి, కళ గెలిచినది, మూఢత ఓడినది అని తీర్పు చెప్పుదురు. మే మంగీకరింపజాలము. నిరసించినవారిలో హన్నా షీహీ-స్కెఫింగ్టన్ కలదు. ఆమె భర్త ఫ్రాన్సిస్ శాంతివాది. ఆ వారమున దోపిడీని మాన్పబోయి పట్టుబడి, విచారణ లేకయే కాల్చబడినవాడు. ఓకేసీ నాటకమున దోచుకొన్నవారికి చోటున్నది; వారిని వారింపబోయినవానికి లేదు. సైనికులను కదలించినది డాంబికము, భయము అనియే తోచును. ఉత్సాహమను స్థాయిభావమునకు నాటకమున సజీవమైన ఆలంబనము లేదు, ఉన్నది కిటికీ చాటు కంఠము మాత్రమే. ఇది లోపమే. ఈ లోపమును పట్టినది పండితులు కాదు, ఒక వితంతువు.

ఐనను ఈ లోపము సంశయమువలన కలిగినది కాదు, సంశయము ఒకవైపే సాగుటవలన కలిగినది. యేట్సు వీరులను శంకించునపుడు తన్నుగూడ శంకించుకొనెను. ఓకేసీ వీరులను శంకించెను గాని తన జాలిని శంకించుకొనలేదు. అతని నాటకమున లేని ఆదర్శము యేట్సు కవితయందు కలదు; యేట్సు కవితయందు కానరాని పేదవాడల స్త్రీలు అతని నాటకమున కలరు. కావున కృతి దేశభక్తిని ఎంత పలికినదను లెక్క ప్రమాణము కాజాలదు. ఎవరిని విడిచినది, విడిచినందులకు రసము ఎచ్చట కుంటుపడినది అను పరీక్షయే ప్రమాణము. మన స్వాతంత్ర్యోద్యమ సాహిత్యముపై పరిశోధన చేయు విద్యార్థులు గేయముల జాబితాలను కూర్చునపుడు ఈ ప్రశ్నను కూడ వేసికొందురుగాక యని మా కోరిక.