నాడి పట్టే చెయ్యి

పెన్‌డ్రైవ్ గుచ్చితే కంప్యూటర్ పలకలేదనుకోండి. పని తెలియనివాళ్లు తీసి గుచ్చి, తీసి గుచ్చి, రీస్టార్ట్ చేసి, ఆఖరికి "ఫార్మాట్ కొట్టాల్సిందే" అంటారు. లైనక్స్‌లో పండినవాళ్లు టెర్మినల్ తెరిచి, కెర్నెల్ సందేశాలు చూపే డీమెసెజ్ నడుస్తుండగా ఒక్కసారి గుచ్చుతారు. కెర్నెల్ వరుస వెంట వరుస రాస్తుంటే చదువుకుంటూ పోతారు. నాడి పట్టిన వైద్యుణ్ని చూసినట్టే ఉంటుంది నాకు.

మా చెల్లెలి పెళ్లి ఫొటోలున్న హార్డ్‌డిస్క్ అలాగే మొరాయించింది. ఒక షాపులో డిస్క్ పోయిందన్నారు. మా సీనియర్ ఒకాయన దగ్గరికి పట్టుకెళ్లాను. తెర మీద మైనస్ 71 అన్న ఎర్రర్ వరసగా పడుతోంది. "110 వస్తే అవతలి నుంచి జవాబే లేదని. 71 అంటే మాట వస్తోంది, దార్లో చెడుతోంది" అన్నారాయన. డిస్క్ జోలికి పోకుండా కేబుల్ మార్చి, హబ్ పక్కన పెట్టి, సీపీయూ వెనక పోర్టులో గుచ్చారు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌తో చూస్తే అంతదాకా 480 మెగాబిట్ల దగ్గర ఆగిన వేగం 5000కి చేరింది. ఫోల్డర్లు కనిపించాయి. కాపీ మొదలెట్టగానే మళ్లీ ఊడిపోయింది! నా గుండె జారింది. ఆయన మాత్రం కొత్త వరుసల్లో యూఏఎస్ అన్న పేరు చూసి తలూపారు. వేగం కోసం పెట్టిన ఆ పద్ధతి కొన్ని చిప్‌లకు సరిపడదు. తయారీదారు గుర్తు నాలుగంకెలు, వస్తువు గుర్తు నాలుగంకెలు, చివర 'యు' అక్షరం: ఒక్క క్వర్క్, అంటే ఆ పరికరానికో మినహాయింపు, రాసి పాత పద్ధతికి దించారు. ఫొటోలన్నీ వచ్చేశాయి. ఒక్క స్క్రూ విప్పలేదు!

ఈ విద్యకు పెద్దలున్నారు. 1999లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా యూఎస్‌బీ కోడ్ రాశాడు. 2009లో సారా షార్ప్ రాసిన డ్రైవర్‌తో యూఎస్‌బీ 3.0 అందరికంటే ముందు లైనక్స్‌కే వచ్చింది. అలాన్ స్టెర్న్ సంగతి ఏం చెప్పను! యూఎస్‌బీ సంభాషణను నమోదు చేసే యూఎస్‌బీమాన్‌తో ఎవరో పంపిన రికార్డు చదివి, తాను కంటితో చూడని పరికరంలో తప్పు పట్టేస్తాడు. తిక్క పరికరాల కోసం కెర్నెల్‌లో ఒక జాబితానే ఉంది. అందులో ప్రతి వరుసా ఎవరో ఒకరు రాత్రి నిద్ర మానుకుని కనిపెట్టిందే.

2014లో విండోస్‌కి వచ్చిన, చిప్‌ల కంపెనీ ఎఫ్‌టీడీఐ డ్రైవర్ ఒకటి తన చిప్‌ల నకిలీల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి పనికిరాకుండా చేసింది. నకిలీ చేసినవాడు దొంగే, కాదనను. కానీ తెలియక కొన్నవాడికా శిక్ష? లైనక్స్ వాళ్లు ఆ సున్నానూ తమ డ్రైవర్‌లో చేర్చుకుని ఆ చిప్‌లను మళ్లీ పలికించారు. అందుకే నేను వీళ్ల పక్షం.

ఇప్పుడు బజారు నిండా నకిలీలే. 512 జీబీ అని రాసిన కార్డులో ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌తో రాసి చదివిస్తే ఎనిమిదో పదహారో తేలుతుంది, మిగతాదంతా గాలి. డేటా కేబుల్ అని అమ్మినదాన్ని గుచ్చితే డీమెసెజ్‌లో ఒక్క వరుస కూడా రాదు. కోసి చూస్తే ఎరుపు, నలుపు తీగలే ఉంటాయి. డేటా మోసే తెలుపు, ఆకుపచ్చ ఉండవు. అమ్మేవాళ్లారా, ఆ కేబుల్ మీద 'చార్జింగుకు మాత్రమే' అని రాయండి. రిపేరు షాపులవాళ్లారా, ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి డీమెసెజ్ చదవండి. మీరు చెరిపేసేవి ఎవరివో పెళ్లి ఫొటోలు.